ఏటి మధ్యలో విడిపించుకున్న చెయ్యి

ఏళ్ల తరబడి ఒక మెచ్చుకోలును మోస్తున్నాను. నాది కాని మెచ్చుకోలు. నిందను మోయడం దీనికన్నా సులువేమో. మీరెవరో నాకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేకపోయాను, చివరికి నా భార్యకి కూడా.

శ్రీధర్ నాకు ఎమ్మెస్ రోజుల నుంచి స్నేహితుడు. ఒకే గదిలో రెండు పరుపులు నేల మీద వేసుకుని చదువుకున్నాం. తర్వాత నేను పడమటి తీరాన ఫ్రీమాంట్‌లో, అతను తూర్పు తీరాన ప్లెయిన్స్‌బరోలో స్థిరపడ్డాం. ఇద్దరికీ నలభై దాటాక ఒక వేసవిలో అలాస్కా ఉత్తర కొసకి, గైడ్‌తో కలిసి కొండల్లో నడిచి గుడారాల్లో పడుకునే ట్రిప్ బుక్ చేశాను. కోరిక నాది. అతనికి నీళ్లంటే భయం, ఈత రాదు. "నువ్వున్నవ్ గద, వస్త తీ" అన్నాడు.

ఆ నమ్మకం మీదే వచ్చాడు.

చిన్న విమానం మమ్మల్ని ఒక గులకరాళ్ల మేట మీద దించి వెళ్లిపోయింది. రోడ్డు లేదు, కాలిబాట కూడా లేదు. గైడ్ పేరు మేగన్, ముప్పై కూడా నిండని అమ్మాయి. మాతోపాటు మిన్నెసోటా నుంచి రిటైరైన భార్యాభర్తలు. అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి కూడా గుడారం గుడ్డ మీద దోమల నీడలు కదులుతుంటాయి. నేల తడిసిన పరుపులా అడుగడుగునా కుంగుతుంది. పడ్డప్పుడల్లా శ్రీధర్ నవ్వేవాడు. నేను విసుక్కునేవాణ్ని. ఎందుకు విసుక్కున్నాను? బహుశా అతని బాధ్యత నా మీద ఉందని తెలిసినందుకే.

తిరుగు ప్రయాణంలో ఒక ఏరు దాటాలి. పైన మంచు కరిగి నీళ్లు బూడిద రంగులో, అడుగు కనిపించకుండా పారుతున్నాయి. మేగన్ చాలాసేపు ఒడ్డు వెంట అటూ ఇటూ నడిచి, చేతికర్రతో లోతు చూసి, ఒక చోటు ఎంచింది. పడితే సంచి వదిలించుకునే వీలుండాలని వీపు సంచుల నడుము పట్టీలు విప్పించింది. అందరం వరసగా ఒకరినొకరు పట్టుకుని దాటాలంది. ఒకరి కాలు జారితే మిగతావాళ్లు కదలకుండా నిలబడాలి, అంతే, పడ్డవాళ్లు మళ్లీ లేస్తారు. ఏం జరిగినా పట్టు మాత్రం వదలొద్దు. అందరి చేతా సరేననిపించింది. నేనూ అన్నాను.

ముందు మేగన్, వెనక ఆ దంపతులు, తర్వాత నేను, చివర శ్రీధర్. నా కుడిచెయ్యి ముందున్న పెద్దాయన సంచి పట్టీ మీద. ఎడమచేతిని శ్రీధర్ పట్టుకున్నాడు. నీళ్లు తొడల దాకా వచ్చాయి. ఆ చల్లదనానికి కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. సరిగ్గా మధ్యకి వచ్చాక శ్రీధర్ కాలి కింద రాయి దొర్లింది. ఒక్కసారిగా అతని బరువంతా నా చేతి మీద పడింది. నా మోకాళ్లు వంగాయి. ముంచుకొచ్చిన నీళ్లు ఛాతీకి తగిలాయి.

ఇక్కడి దాకా అందరికీ చెప్పే కథే. ఇకపైది చెప్పనిది.

నేను మణికట్టు తిప్పాను. బలంగా, లోపలికి మెలిపెట్టి, అతని వేళ్ల మధ్య నుంచి నా చెయ్యి లాక్కున్నాను. జారిపోలేదు. ప్రవాహం లాగేయలేదు. నేనే విడిపించుకున్నాను. అప్పుడతను నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో భయం ఉంది గానీ అనుమానం లేదు. ఆ తర్వాత నీళ్లలో అతని ఎర్ర సంచి ఒక్కటే కనిపించింది.

మమ్మల్ని ఒడ్డుకు చేర్చిన మేగన్ సంచి విసిరేసి కింది వైపు పరిగెత్తింది. మెడలోతు నీళ్లలోకి దిగి అతణ్ని బయటికి ఈడ్చింది. బండకు కొట్టుకుని అతని మోకాలు నలిగిపోయింది. శాటిలైట్ ఫోన్‌లో కబురు చేసినా మబ్బుల వల్ల విమానం మర్నాటి దాకా రాలేదు. ఆ గుడారంలో అతని పక్కన కూర్చున్నాను. చీకటైనా పడితే నా మొహం కనపడదనుకున్నాను. పడలేదు.

శ్రీధర్ నా ఎడమచెయ్యి అందుకుని చూశాడు. అతని గోళ్లు గీరుకున్న చోట ఎర్రగా కమిలి ఉంది.

"లాస్ట్ దాకా ఇడ్వలేదు గదరా నువ్వు. నేనే పట్టుకోలేకపోయిన," అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట చాలు.

"మాట్లాడకు, రెస్ట్ తీసుకో," అన్నాను.

కాసేపటికి మేగన్ నన్ను బయటికి పిలిచింది. ఆమె పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి. ముందు అతని కాలు జారిందా, మీ పట్టు వదిలిందా అని అడిగింది. నిందించడానికి కాదు, తెలుసుకోవడానికి. నేను గట్టిగానే పట్టుకున్నానని, ప్రవాహమే లాక్కుపోయిందని చెప్పాను. ఆమె నీళ్ల వైపు తిరిగింది. "అయితే నేనే తప్పు చోట దింపాను," అంది. తర్వాత ట్రిప్ కంపెనీవాళ్లు ఫోన్ చేసినప్పుడూ అదే చెప్పాను. రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది.

మరుసటి వేసవికి మేగన్ ఆ పని మానేసిందని మిన్నెసోటా పెద్దాయన ఈమెయిల్ రాశారు. నీటిని చూసి అంచనా కట్టే నమ్మకం పోయిందని అందట.

నాకు నేను చెప్పుకున్న సమర్థనలు చాలా ఉన్నాయి. నేను వదలకపోతే అందరం కొట్టుకుపోయేవాళ్లం. అది నిజమే కావచ్చు. కానీ ఆ క్షణంలో నేను ఆ ముసలి దంపతుల గురించి ఆలోచించానా? లేదు. నా పిల్లల గురించైనా? అదీ లేదు. చేతి మీద బరువు పడింది, ఆ బరువు నాకొద్దు అనిపించింది, అంతే. పోనీ, భయంలో చేసినదాన్ని క్షమించవచ్చు. గుడారం బయట నిలబడి చెప్పిన అబద్ధం ఏ భయంలో చెప్పాను?

శ్రీధర్ మోకాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. వ్రతానికి పిలిచినా కుర్చీలోనే కూర్చుంటాడు. ఎక్కడ కలిసినా, నేను చివరి దాకా పట్టుకోబట్టే తాను బతికానని ఆ కథ చెబుతాడు. పోయిన వేసవి వాళ్లమ్మాయి గ్రాడ్యుయేషన్ పార్టీలో మైకు పట్టుకుని మరీ చెప్పాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి వచ్చి నన్ను కౌగిలించుకుని, "మీరు లేకపోతే డాడీ లేరు అంకుల్, థాంక్యూ," అంది. నేను ఆమె తల నిమిరాను. నిమరగలిగాను. మనిషి ఇంత దూరం రాగలడా అని అప్పుడు నా మీద నాకే భయమేసింది.

అతనికి తెలుసేమోనని కూడా అనిపిస్తుంది. తెలిసీ, స్నేహం పోకూడదని ఆ కథ అల్లుకున్నాడేమో. అడిగే ధైర్యం లేదు. రేపైనా చెబుతానా? చెబుతానని మీకు మాటివ్వలేను. మేగన్ ఎక్కడుందో వెతకడం కష్టం కాదు, వెతకలేదు.

అందుకే ఆమె వినాల్సిన మాట మీకు చెబుతున్నాను. మేగన్ ఎంచిన చోటు సరైనదే. శ్రీధర్ చివరి దాకా పట్టుకునే ఉన్నాడు. నేనే వదిలేశాను.

రాశాక కొంచెం ఊపిరాడుతోంది. అలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.