ఎనిమిది జానల తలుపు

ఆ వీధిలో ఇరవై ఏడు ఇళ్లుంటే, ఇరవై ఏడింటికీ గుమ్మాలు, తలుపులు చేసిన చెయ్యి ఒక్కటే. వడ్రంగి పెద్దాయనది. బడికి నలభై బల్లలు చేశాడు, ఒక్కటీ నేటికీ కిర్రుమనదు. ఆసుపత్రికి ఊయల చేశాడు, అందులో ఊగినవాళ్లు ఇప్పుడు తమ పిల్లల్ని ఊపుతున్నారు. రంపం కింద చిటికెన వేలి కొస తెగిపడిన రోజున కూడా కట్టు కట్టుకుని సాయంత్రానికల్లా తలుపు బిగించి మరీ ఇంటికెళ్లాడు. చదివింది అయిదో తరగతి. టేపు ముట్టి ఎరగడు. ఎడమచేత్తో జాన కొలిచి కుడిచేత్తో గీత గీసేవాడు. "దేవుడిచ్చిన జాన ఉండగా దుకాణం కొలత నాకెందుకురా?" అనేవాడు. ఎనిమిది జానలైతే తలుపు. అంతే.

మొన్న వాగు పొంగినప్పుడు జనం మిద్దెలెక్కి బతికారు. తలుపులు మాత్రం బందులూడి, బాతుల్లా ఈదుకుంటూ పోయి వీధి చివరి మైదానంలో గుట్టపడ్డాయి. నీళ్లు తీశాక వీధి వీధంతా నడుం బిగించింది. ఒకరు బురదెత్తితే ఒకరు బావి తోడారు, ఒక్క పొయ్యి మీద పదిళ్లకు వంటయింది. తలుపుల దగ్గరే చిక్కొచ్చింది. రంగులు పోయి, బురద పూసుకుని అన్నీ ఒకే అమ్మ కడుపున పుట్టినట్టున్నాయి.

అందరికన్నా తొందర కుట్టుపని చేసే అమ్మాయిది. పన్నెండు రోజుల పసిగుడ్డుతో, గుమ్మానికి దుప్పటి కట్టుకుని కూర్చుంది. పడమట మళ్లీ మబ్బు కమ్ముతోంది.

"వెతుకులాటెందుకు?" పెద్దాయన మీసం దువ్వాడు. "నావన్నీ ఎనిమిది జానలే. ఏది ఏ గుమ్మానికి పెట్టినా కూర్చుంటుంది. పట్టండి!"

పట్టారు. బస్సు డ్రైవరు గుమ్మంలోకి తలుపు దూరనంది. పక్కింట్లో పెట్టింది నాలుగంగుళాలు పొట్టిదైంది.

"బాబాయ్, అన్నీ ఒకటేనన్నావు, ఈ అన్నదమ్ములకు ఆస్తి తగాదాలున్నట్టున్నాయే!" అన్నాడు డ్రైవరు.

"నానిందిరా, ఉబ్బింది."

"ఉబ్బితే లావవ్వాలి గానీ, పొట్టిదవుతుందా?"

అందరూ గొల్లుమన్నారు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. భార్య చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఏమయ్యా, ఆ ఎడమచెయ్యి ఒకసారి చాపు. వేలు అరంగుళం పోయింది కదా. ఎనిమిది జానలకు ఎన్ని అరంగుళాలో లెక్కేసుకో."

పెద్దాయన చెయ్యి చాపి చూసుకున్నాడు. పాతికేళ్లుగా తన కొలత తనను మోసం చేస్తోందన్నమాట! ఒప్పుకుంటే నలభై ఏళ్ల మాట నీళ్లపాలు. ఒప్పుకోకపోతే... గాలికి దుప్పటి ఎగిరింది. లోపల పసిగుడ్డు కెవ్వుమంది.

"ఒరే!" అని కేకేశాడు. "నా తలుపులన్నీ ఒకటి కాదు. నేను చెబుతున్నా, వినండి! వేలున్నప్పటి గుమ్మాలు పద్నాలుగు, వేలు పోయాక చేసినవి పదమూడు. పొడుగువి ఇటు, పొట్టివి అటు!"

ఎప్పుడు ఏ ఇంటికి చేశాడో వరసపెట్టి చెబుతుంటే, చేతులు మారుతూ తలుపులు ఇళ్లకు చేరాయి. పొట్టివి సరిపోయాయి. పొడుగువి మాత్రం పదమూడే దొరికాయి. ఒకటి వాగు వెంట దేశాటనకు పోయింది. పెద్దాయన మొదటిది అమ్మాయి గుమ్మానికే బిగించాడు. గొళ్లెం పడడమూ చినుకు పడడమూ ఒక్కసారే. చివరికి తలుపు లేకుండా మిగిలింది ఆయన ఇల్లే.

కొత్త చెక్క వచ్చేదాకా నెలరోజులు ఆ ఇల్లు బార్లా తెరిచే ఉంది. దారిన పోయేవాళ్లకు ఆయన గొప్పలు వినక తప్పలేదు. అమ్మాయి పాత గుడ్డలు కలిపి తెర కుట్టి ఇస్తానని వచ్చింది. పెద్దాయన గుమ్మం మీద ఎడమచెయ్యి ఆనించాడు.

"రాసుకో అమ్మా, ఎనిమిది జాన..."

"తాతయ్యా, ఇది వేలున్నప్పటి గుమ్మం కాదూ?" అంది అమ్మాయి, మెడలో వేలాడే టేపు తీస్తూ.

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. డ్రైవరు కనుచూపుమేరలో లేడు. మెల్లగా వంగి, టేపు రెండో కొస పట్టుకుని గడపకు ఆనించాడు.