బావ నెమ్మదిగా నడిపిన బండి

మొన్న తార్నాకలో ఆటో కోసం నిలబడి నిలబడి, కాళ్లకు వేర్లు పుట్టుకొచ్చేలా ఉన్నాయని బైక్ ట్యాక్సీ ఎక్కాను. "మేడమ్, గట్టిగ పట్టుకోండ్రి," అన్నాడు నడిపే అబ్బాయి. ఆ మాట ఇంకా మెట్రో స్తంభాల దగ్గరే ఉంది, మేం యూనివర్సిటీ గేటు దాటేశాం. నా చీర కొంగు మాత్రం సీతాఫల్‌మండి వైపు పోదామని ప్రయత్నించింది. అంత భయంలోనూ నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మేనత్త కొడుకు. మోటార్ సైకిల్ రేసుల్లో వరసగా రెండేళ్లు చాంపియన్. మలుపుల్లో మోకాలు నేలకు రాసుకునేలా వంగేవాడు. మోకాలి దగ్గర ప్యాంటు మిగిలి ఇంటికొస్తే మా అత్త పాయసం వండేది. గెలిచిన కప్పులు పెట్టడానికి చోటు చాలక ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో చింతపండు వేసుకుంది. అంతటివాడు నా జ్ఞాపకాల్లో మాత్రం హైదరాబాదు మొత్తంమీద అందరికన్నా నెమ్మదిగా బండి నడిపిన మనిషి.

నేను ఎమ్మే చదివే రోజులవి. మద్రాసులో పెద్ద రేసుందని బావ గోల్నాకలోని తన మెకానిక్ దగ్గర బండికి కొత్త పిస్టన్ వేయించాడు. అది లోపల సర్దుకునేదాకా బండిని మెల్లగానే తిప్పాలట. తొందరపడితే వేడెక్కి పట్టేస్తుందట, ఇంక రేసు సంగతి మరిచిపోవడమే. రోజూ పొద్దున్నే మా ఇంటి ముందు ఆపి, "ఎక్కవే, ఒక్కణ్నే ఇంత మెల్లిగా తిరిగితే నిద్రొస్తోంది," అనేవాడు. అప్పట్లో నా బరువు ఆరేసిన చున్నీ అంత కాబట్టి ఇంజిన్‌కు తెలిసేది కాదు. క్యాంపస్ రోడ్ల మీద మమ్మల్ని సైకిళ్లు దాటేవి, పాలవాళ్లు దాటేవాళ్లు. చేతికర్రతో వాకింగ్ చేసే ఒక రిటైర్డు ప్రొఫెసర్ దాటిపోయి, జాలిపడి వెనక్కి వచ్చి, "పెట్రోలు అయిపోయిందా నాయనా?" అని అడిగారు. హాస్టలు పిల్లలైతే, "అన్నా, తొయ్యమంటవా? అక్కా, నువ్వు దిగి నడువు, జల్ది పోతవ్!" అని కేకలేసేవాళ్లు. చాంపియన్ గారు నవ్వి ఊరుకునేవారు.

మా ఇంట్లో నడుస్తున్న అసలు రేసు వేరే. మద్రాసులో గెలిస్తే కోయంబత్తూరు టీమొకటి బావను శాశ్వతంగా తీసుకుపోతుంది. వెళ్లేలోగా నన్ను చేసుకుంటానని అతను అడిగితే నాన్న ఒప్పుకుంటాడు. కానీ అడగాల్సింది అతనే. ఆడపిల్లవాళ్లం మనం ముందు బయటపడకూడదని నాన్న పట్టు. పిస్టన్ ఎన్నటికీ సర్దుకోకూడదని దేవుడికి మొక్కుకున్న భక్తురాలు ఈ భూమ్మీద నేనొక్కదాన్నే.

"బావా, ఏమన్నా చెప్పాలా?" అన్నానొక రోజు, వేపచెట్ల నీడలో.

"చెప్పాలి," అన్నాడు. నా గుండె చప్పుడుకు చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. రోడ్డు మీది గుంతను పదిలంగా తప్పించి, "ఇంజిన్ ఇంకా బిగుతుగానే ఉందే. రేపు కూడా తిప్పుదాం," అన్నాడు.

అలా వారాలు గడిచాయి. ఒక పొద్దున బండి రాలేదు. మద్రాసు వెళ్లిపోయాడన్నారు. గెలిచాడు. పేపర్లో ఫొటో వేశారు. అటునుంచి అటే కోయంబత్తూరు వెళ్లి టీములో చేరిపోయాడు.

అత్త సంబరంగా లడ్డూలు చేసి, మెకానిక్‌కు ఇచ్చి రమ్మని నన్ను గోల్నాక పంపింది. అతను చేతులు తుడుచుకుని డబ్బా అందుకున్నాడు.

"గెలుస్తడని నాకు ఎర్కనే అమ్మా. గా బండి మొదటి వారంలనే మంచిగ అయింది. ఇగ చాలు, మద్రాస్ పోయి ట్రాక్ మీద ప్రాక్టీస్ చెయ్ అంటే ఇనలే. ఇంకా టైట్ ఉన్నది అనుడే! టైట్ ఏడ ఉన్నది? వెన్న లెక్క తిరుగుతున్నది."

అంబర్‌పేట దాకా నడిచాకగానీ బస్సెక్కాలని తోచలేదు. బావ ఆ తర్వాత చాలా కప్పులు గెలిచాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు, ఇప్పుడు కుర్రాళ్లకు మలుపులు నేర్పుతున్నాడట. నాకూ సంసారం, ఉద్యోగం, మోకాళ్ల నొప్పులు అన్నీ అమరాయి. ఆ ఏళ్లన్నీ ఎటు పోయాయో తెలియనంత వేగంగా పోయాయి. వేపచెట్ల కింద ఆ కొన్ని పొద్దుటిపూటలు మాత్రం నాకింకా పూర్తిగా గడవలేదు.