కంద కడిగిన చేతులు

కార్తిక శుద్ధ విదియనాడు చెల్లెలి ఇంటికి వెళ్లి, ఆమె తన చేతులతో వండి వడ్డించిన అన్నం తినడం మా కుటుంబంలో తప్పని నియమం. దానినే భగినీ హస్త భోజనం అంటారు. నేను తాడేపల్లిగూడెంలో చాలాకాలం రసాయనశాస్త్రం బోధించినవాణ్ని. నియమాన్ని సడలించడం నా స్వభావంలో లేదు. కలిదిండి దగ్గర చేపల చెరువుల నడుమ కాపురముంటున్న మా చెల్లెలికి ఆ సంగతి అందరికంటె బాగా తెలుసు. అందుకే నిరుడు పండుగకు ముందు తనే ఫోను చేసింది.

"ఈ యేడు రాకన్నయ్యా. చెరువుగట్టు మీద జారి పడ్డాను. కుడి మణికట్టుకి సిమెంటు కట్టేశారు. నేను వండలేను. కోడలు వండితే, ఇది భగినీ హస్త భోజనం కాదని మొహం మీదే చెప్పేస్తావు."

చెబుతాను. అందులో సందేహం లేదు.

"పెళ్లయిన కాణ్నుంచీ ఒక్క యేడూ తప్పలేదు. ఇప్పుడు నా మూలానే తప్పుతోంది," అన్నది. ఆ మాటలో ఏడుపు దాగి ఉంది.

"తప్పదు. నువ్వు పక్కన నిలబడి చెప్పు, నేను చేస్తాను. చెయ్యి నాదైనా వంట నీదే అవుతుంది," అన్నాను.

అవతల పెద్ద నవ్వు. "నువ్వా? కాఫీ కలుపుకోవడం వచ్చా నీకు?"

భీమవరం మీదుగా ఆకివీడు చేరి, అక్కడ బస్సు మారి, పొద్దెక్కకముందే వారి ఇంట దిగాను. దారి పొడుగునా చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి. వంటగది మా చెల్లెలి కోడలికి వదిలేశారు. ఆ రోజు తణుకు నుంచి ఆ కోడలి తమ్ముడు కూడా భోజనానికి వస్తున్నాడు. మాకు పెరటి వసారాలో వేరే గ్యాసు పొయ్యి అమర్చారు.

వంటకం కంద బచ్చలి. చెల్లెలు పీట మీద కూర్చుని ఎడమచేత్తో బచ్చలి ఆకులు గిల్లుతున్నది. కంద చెక్కు తీసే పని నాది. దానికి మట్టి దట్టంగా అంటుకుని ఉంది. ప్రయోగశాలలో మొదటి నియమం శుభ్రత గనుక, కందను బకెట్టు నీళ్లలో ముంచి, మట్టి ఆనవాలైనా లేకుండా కడిగి, ఆపైన కత్తి పట్టాను. సగం చెక్కు తీసేసరికి అరచేతుల్లో దురద మొదలైంది. మరి కాసేపటికి మంట.

"ఏమిటే ఇది, చేతులు మండిపోతున్నాయి!"

చెల్లెలు తలెత్తి చూసి నెత్తి కొట్టుకున్నది. "తడి కందని తరిగావా అన్నయ్యా? పొడిగా ఉండగా, చేతులకి నూనె రాసుకుని కదా తరగాలి!"

"అందులో సూదుల వంటి స్ఫటికాలుంటాయి. అవి చర్మంలో గుచ్చుకుని..."

"తెలిసే కడిగావా! పాఠం తరవాత చెబుదువుగాని. అమ్మాయ్, చింతపండు పట్రా, మీ పెదనాన్నగారు చేతులు కాల్చుకున్నారు!"

కోడలు చింతపండు తెచ్చే వేళకే ఆమె తమ్ముడు వాకిట్లో స్కూటరు ఆపి లోపలికి వచ్చాడు. "ఏవండీ పెదనాన్నగారూ, వంటతో కుస్తీ పట్టారాండీ?" అన్నాడు.  చింతపండు పులుసులో చేతులు ముంచుకుని కూర్చున్నవాడికి గాంభీర్యం నిలవదు.

ఇక మిగిలింది ఆమె ఎడమచెయ్యి ఒక్కటే. "జరుగు," అని నన్ను తోసి, కోడలు తరిగిచ్చిన కందను ఆ చేత్తోనే ఉడికించి, బచ్చలి కలిపి, పోపు వేసి, చివర ఆవ పెట్టింది. గిన్నె కదలకుండా గుడ్డ చుట్టిన చేతులతో పట్టుకుని ఉండడమే నా వంతు పని. ఆవ ఘాటుకు ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆకు వేశారు. చెల్లెలు ఎడమచేత్తో గరిటె ఎత్తి ఆగిపోయింది. ఎడమచేతి వడ్డన తగదన్నది చిన్ననాడు ఆమెకు నేను నేర్పిందే. నా ముఖం వంక చూసింది. వండగలిగింది గాని, ఇక్కడ నియమం తప్పబోతున్నది. నా చేతులా, ఎర్రగా ఉబ్బి అన్నం కలపడానికి పనికిరాకుండా ఉన్నాయి.

"కట్టులోంచి వేళ్లు బయటికే ఉన్నాయి కదా. కదులుతున్నాయా?"

"కదుల్తాయి. కదుపుతూ ఉండమనే డాక్టరుగారు చెప్పారు."

"అయితే గరిటె వద్దు. ఆ వేళ్లతోనే చిన్న ముద్ద కలిపి పెట్టు."

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. కోడలు అన్నమూ కూరా వడ్డించి పక్కకు తప్పుకున్నది. చెల్లెలు కట్టులోంచి కనిపించే ఆ కొసవేళ్లతో ఉసిరికాయంత ముద్ద చేసి నా నోటికి అందించింది.  పెదవుల మీద నవ్వు ఆగలేదు.

"అక్కా, నాకూ ముద్ద పెట్టవే!" అన్నాడు కోడలితో ఆమె తమ్ముడు.

"నీ చేతులకేమొచ్చింది? కలుపుకుని తిను."

"ఎలా ఉందన్నయ్యా?" అని అడిగింది చెల్లెలు. ఉప్పు చాలలేదు, ఆ మాటే చెప్పాను. "కంద కడిగినవాడివి ఉప్పు మాట ఎత్తకు," అని తరువాతి ముద్ద పెట్టింది.

ఈ యేడు ఆమె చెయ్యి పూర్తిగా నయమైంది. కుడిచేత్తో, గరిటెతో, వరుస తప్పకుండా అన్నీ వడ్డించింది. నేను చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏం, తినవేం? చేతులు బాగానే ఉన్నాయిగా?"

"నిరుడు మొదటి ముద్ద నువ్వు పెట్టావు. క్రమం తప్పకూడదు," అన్నాను.

చెల్లెలు గరిటె కింద పెట్టి, కొంగు బిగించుకుని, ఈసారి పెద్ద ముద్దే కలిపింది.