ఒక ఇల్లు, అయిదు తలుపులు

1995. దొరల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చి ఏడాది దాటింది. డర్బన్‌లో ఒక సర్వే ఆఫీసులో నేను డేటా క్లర్కుని. ఊళ్ల నుంచి వచ్చిన ఫారాలు కంప్యూటరులోకి ఎక్కించి తప్పులు ఏరడం నా పని. నాకప్పటికి యాభై ఎనిమిదేళ్లు. చదువు ఆరో స్టాండర్డు దగ్గర ఆగింది. ఆపినవాళ్లెవరో నాకు బాగా గుర్తుంది గాని ఇక్కడ ఆ సంగతి వద్దు. పంచదార మిల్లులో లెక్కల యంత్రానికి కార్డులు పంచ్ చేస్తూ, లైబ్రరీ వాళ్లు పారేసిన స్టాటిస్టిక్స్ పుస్తకాలు తెచ్చుకుని, డర్బన్ పక్కనే ఉన్న ఒట్టావా అనే ఊళ్లో మా వంటింటి బల్ల మీద చదువుకున్నాను. తెలుగు రాత కూడా అలా వచ్చిందే.

మా పై అధికారి రఘురాం. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరేటు కుర్రాడు. నా తెలుగు వింటే నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

"అంకుల్, మా తాతమ్మ కూడా ఈ మాటలు అనదు."

"మీ తాతమ్మ ఓడ ఎక్కలే బాబూ. మా తాతమ్మ చెరకుతోట కూలికని ఎక్కింది. ఎక్కేటప్పుడు ఏ మాటలుంటే అవే తెచ్చింది."

ఉమ్‌కోమాస్ ఊరికి పైన కొండల్లో ఒక లోయకు క్లినిక్ ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఏటి సర్వే తేల్చాలి. అయిదేళ్లలోపు పిల్లలు ఇంతమంది ఉంటేనే ఇస్తామని పైవాళ్లు ఒక గీత గీశారు. అప్పటిదాకా అక్కడి తల్లులు జ్వరం బిడ్డను వీపున కట్టుకుని బస్సు కోసం తారురోడ్డు దాకా నడవాల్సిందే. వెనకటి దొరలకు ఆ కొండల్లో పశువులెన్నో తెలుసు. పిల్లలెందరని అడిగిన పాపాన పోలేదు.

పద్ధతి చెబుతాను. మావాళ్లు ముందు లోయంతా తిరిగి ప్రతి తలుపు మీదా సుద్దతో నంబరు వేసి, లిస్టింగ్ పుస్తకంలో రాసుకున్నారు. అందరినీ అడగడం కుదరదు కనుక ప్రతి మూడో తలుపుకే ఫారం. అంటే ఒక ఫారం మూడు తలుపుల బదులు మాట్లాడుతుందన్నమాట. ఆ మూడునే వెయిట్ అంటారు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫారాన్నీ దాని వెయిట్‌తో హెచ్చవేసి ఊరి మొత్తం లెక్క చెబుతుంది.

లోయ లెక్క తెర మీదికి రాగానే రఘురాం కుర్చీ వెనక్కి నెట్టాడు. నమ్మలేనంతమంది పిల్లలు. ఫారాలు తెప్పించి చూస్తే అనుమానం ఇంకా ముదిరింది. రెండు వేరు వేరు తలుపుల ఫారాల్లో అదే పదకొండుమంది పిల్లలు, అవే పేర్లు, అవే వయసులు. అలాంటి జతలు ఇంకా దొరికాయి. అన్నీ నింపింది తాండి అనే పిల్ల, ఆ లోయలోనే పుట్టి పెరిగింది.

"చెట్టు కింద కూర్చుని కాపీ కొట్టింది అంకుల్. తన ఊరికి క్లినిక్ కావాలి కదా. సోమవారం రిపోర్టు పోవాలి, ఈ క్లస్టర్ తీసేయండి" అన్నాడు.

క్లస్టర్ అంటే ఒకేచోట గుంపుగా తీసుకున్న ఇళ్లు. ఇక్కడ ఆ క్లస్టరంటే లోయే. ఒక్క లైను కమాండు కొడితే పోతుంది. లెక్కలో లేని చోటికి క్లినిక్ రాదు. పైగా ఆ పిల్ల మీద దొంగ అన్న ముద్ర. నాకు ఒళ్లు మండింది.

"ఆ పిల్లను అడక్కుండా నేను తుడవను బాబూ. నువ్వు తుడుచుకో" అన్నాను. అతని ముఖం ఎర్రబడింది. అయినా శనివారం దాకా ఆగుతానన్నాడు.

తాండి వచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. ఆ రెండు నంబర్లూ ఒకే ఇంటివని చెప్పింది. మూడో తలుపు అని లెక్కపెడితే ఒకసారి కోడలి గుడిసె వచ్చింది, ఇంకోసారి చిన్నకొడుకు గుడిసె వచ్చింది. నంబరుకో ఫారం అన్నారు, నింపింది. మిగతా జతలూ అంతేనంది.

"మరి రెండుచోట్లా అదే జవాబు ఎవరు చెప్పారు?"

"గోగో. ఆమెను దాటి కోడలి దగ్గరికి ఎలా వెళ్తాను బాబా? ఆ తరువాత నన్ను ఆ ఊళ్లో ఎవరు పలకరిస్తారు?"

జులూలో గోగో అంటే అవ్వ, బాబా అంటే నాన్న. మర్నాడు నా పాత బక్కీ ట్రక్కులో తాండిని ఎక్కించుకుని ఆ అవ్వ దగ్గరికే పోయాను. పశువుల దొడ్డి చుట్టూ అయిదు గుడిసెలు, అయిదు తలుపుల మీదా మా సుద్ద నంబర్లు. నాకు వచ్చిన జులూలోనే, ఈ గుడిసెలో ఎవరుంటారని ఒకదాన్ని చూపించి అడిగాను. అవ్వ ఆ ఒక్క గుడిసె సంగతి చెప్పలేదు. వేళ్లు మడిచి పదకొండుమంది పిల్లల పేర్లూ చెప్పింది. కోడలిని అడగొచ్చా అన్నాను.

"నేను చచ్చానా?" అంది అవ్వ.

నాకు ఒక్కసారిగా మా అవ్వ కళ్లముందు నిలిచింది. చెరకుతోట బ్యారక్సులో మాది ఒకటే వరస, నాలుగు గదులు, నాలుగు తలుపులు, పొయ్యి ఒక్కటి. ఎస్టేటు దొర పేర్లు రాసుకోవడానికొస్తే ఏ తలుపు దగ్గర అడిగినా మా అవ్వే వచ్చి అందరి పేర్లూ చెప్పేది. మూడో తలుపు దగ్గర ఆయన కలం మూసి, ఈ కూలీలందరూ అబద్ధాలకోర్లని పక్కవాడితో అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. యాభై ఏళ్లయినా ఆ మాట చెవిలోంచి పోలేదు.

తిరిగి వచ్చి లిస్టింగ్ పుస్తకం ముందేసుకున్నాను. నంబరు వేసినవాళ్లు ప్రతి తలుపు నంబరు పక్కనా ఇంటిపెద్ద పేరు రాశారు, బతికించారు. ఏ ఇంటికి ఎన్ని తలుపులో లెక్కపెట్టుకున్నాను. అయిదు తలుపుల ఇల్లంటే చీటీల డబ్బాలో అయిదు చీటీలు వేసినట్టు. ఏ చీటీ వచ్చినా పలికేది ఇల్లంతా. కనుక ఆ ఫారం వెయిట్‌ను అయిదుతో భాగించాలి, ఒంటి గుడిసె వెయిట్‌ను ముట్టుకోకూడదు. అంతే. ఒక కొత్త కాలమ్, ఒక భాగహారం.

శనివారం రఘురాం స్వయంగా రన్ చేశాడు. లెక్క బాగా దిగింది. గీత కిందికి పోతే నేను చేసిన న్యాయమే ఆ లోయకు క్లినిక్ లేకుండా చేస్తుంది. అతను స్టాండర్డ్ ఎర్రర్ చూశాడు. లెక్క అటూ ఇటూ ఎంత జారవచ్చో చెప్పే అంకె అది. కాగితం మీద తీసివేత వేశాడు.

"జారితే కిందికే జారిందనుకున్నా, గీతకు పైనే ఉంది అంకుల్" అన్నాడు.

అప్పుడు గాని నేను కూర్చోలేదు.

"మా ఇంట్లోనూ ఎవరొచ్చినా మా నానమ్మే చెప్పేది. ఎలా మరిచిపోయాను?" అన్నాడు రఘురాం. సోమవారం తాండి రాగానే లేచి నిలబడి ఆమెకు క్షమాపణ చెప్పాడు. డాక్టరేటు ఉండీ ఆ పని చేసినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

క్లినిక్ వచ్చింది. తగరపు కప్పు, రెండు గదులే. తాండి నన్ను తీసుకెళ్లి చూపించింది.

ఒక అంకె వింతగా కనిపిస్తే అబద్ధమనే ముందు, జవాబు చెప్పింది ఎవరో, ఎందుకు వాళ్లే చెప్పారో అడగాలి. సాఫ్ట్‌వేర్‌కు ఆ ప్రశ్న తెలియదు. దాన్ని నడిపేవాడికి తెలియాలి.

రిటైరయ్యాక ఒకసారి సర్వే అమ్మాయి ఒకతె మా గేటు దగ్గరికొచ్చింది. నేను వెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి, పెరటి గదుల్లో వేరుగా ఉంటున్న ఇద్దరు కొడుకుల పిల్లల పేర్లు కూడా వరసగా రాయించేస్తోంది.

"మూడు తలుపులని రాసుకో అమ్మా" అన్నాను.

ఫారంలో ఆ ప్రశ్న లేదంది. అంచున ఖాళీ ఉంది కదా, అక్కడ రాసుకోమన్నాను. ఆమె రాసేదాకా గేటు తియ్యలేదు.