మా ఇంటి జర్మనీ ప్లీడరు గారు

మొగుడి పేరు నోట రాకూడదని మా అమ్మ నేర్పింది. ఈ మనిషి పేరు మాత్రం ఒళ్ళుమంట కొద్దీ చెప్పను. ఎప్పుడో కాలం చేసిన జర్మనీ దేశపు న్యాయవాది ఆయన. మూడేళ్ళుగా మా ఇంట్లో తిష్ట వేశాడు. పొద్దున్న కాఫీ దగ్గర ఆయనే, మధ్యాహ్నం మజ్జిగన్నం దగ్గర ఆయనే. ఆడదయినా బాగుండేది, జుట్టు పట్టుకుని గేటు బయటికి ఈడ్చేదాన్ని.

మా ఆయన అమలాపురం కోర్టులో నలభై ఏళ్ళు ప్లీడరీ చేశారు. అన్నీ కొబ్బరితోటల గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు. మోకాళ్ళు మొరాయించాక నల్లకోటు మేకుకి తగిలించి, వాళ్ళ సీనియరు గారి పాత పుస్తకాల్లోంచి తెచ్చుకున్న ఒక ఇంగ్లీషు పుస్తకం తీశారు. అది ఈ జర్మనీ ఆయన జీవితచరిత్ర. దాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టారు. రాసినదల్లా నాకు చదివి వినిపించాలి. నేను కొబ్బరి కోరుకుంటూ ఉంటే ఎదురుగా కుర్చీ వేసుకుని అందుకునేవారు.

ఆ మహానుభావుడు మొదట జడ్జీట. చలికాలంలో బొగ్గులు దొంగిలించిన ఒక తల్లికి శిక్ష వేసి, ఆ సాయంత్రమే ఆవిడ ఇల్లు ఎలా ఉందో చూద్దామని వెళ్ళాడట. పొయ్యిలో బూడిద కూడా లేదట. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చోలేక ఉద్యోగం వదిలేసి, బీదవాళ్ళ సాయం కోసం చట్టాలు రాయించాడట. తండ్రి ఎవరో చెప్పుకోలేని పిల్లలకి సర్కారు తరఫున ఒక పెద్దదిక్కుని పెట్టించాడట. ఆఖరికి రోజులు మారి, కొత్త ప్రభువులు ఆయన్నే ఆఫీసులోంచి పొమ్మన్నారట. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. సాయం అడిగిన మనిషిని బల్ల ముందు నిలబెట్టకూడదు. వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళు పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూసి, అప్పుడు కాగితం రాయాలి.

ఈ నియమం దగ్గరికి వచ్చేసరికి మా ఆయన చదవడం ఆపేసేవారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేవారు. నేనేమో కొబ్బరిచిప్పని ఇంకాస్త గట్టిగా కోరేదాన్ని. నాకు ఆపరేషను అయిన రోజున, "వాయిదా ఉందే, సాయంత్రం వచ్చేస్తాను" అని కోర్టుకి వెళ్ళిపోయిన మనిషి ఈయనే మరి! అప్పుడు తడవని కళ్ళు ముక్కూ మొహం తెలియని ఆ దొరగారి కోసం తడుస్తున్నాయి. అసూయ అంటే అసూయే. దాచుకోవడం ఎందుకు?

"మరి ఆయన పెళ్ళాం ఏం చేసేది?" అని ఒకసారి అడిగాను.

ఆయన పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పారు. "ఆయన రాసినవాటికి సాపు ప్రతులు తీసేదిట. ఒక్క వాక్యమే ఉందోయ్."

"ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి" అన్నాను. ఆయనకి వినబడలేదు, అప్పటికే తరువాతి అధ్యాయంలోకి వెళ్ళిపోయారు.

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? మా వీధి చివర కాలవగట్టు మీద కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే షెడ్డు ఉంది. ఇన్నేళ్ళలో ఈయన అటు తొంగి చూసిన పాపాన పోలేదు. ఎక్కడో మంచుదేశంలో చల్లారిన పొయ్యికి మాత్రం కన్నీళ్ళు.

ఆ షెడ్డులో పనిచేసే ఆవిడే ఒకనాడు మా గుమ్మంలోకి వచ్చింది. వాళ్ళాయన చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు, చాలా ఏళ్ళ క్రితం చెట్టు మీంచి పడి ప్రాణం వదిలాడు. అప్పటినుంచీ ఒంటరిది. ఆవిడకి వితంతు పింఛను వస్తుంది.

"ప్లీడరుగారితో అర్జీ రాయించుకుందావని వచ్చేనండమ్మగారూ. వార్డు సచివాలయంలో ఏలిముద్ర పడట్లేదండి. కంటి మిషనేమో శుక్లాల మూలాన పట్టుకోట్లేదంటండి. నెలాఖరులోపు పడాపోతే పింఛను ఆపేత్తారంటండి" అంది.

లోపలికి వెళ్ళి చెప్పాను. "రేపు రమ్మను, అధ్యాయం చివరికొచ్చింది" అన్నారు, తల ఎత్తకుండానే.

నిజం చెప్పొద్దూ, నాకు సంబరం వేసింది. ఆ జర్మనీ ఆయన ఒక జన్మంతా ఊడబొడిచింది నేను వరండా మెట్టు మీద కూర్చుని తేల్చేస్తాను, అప్పుడు చూద్దాం ఎవరి గురించి రాస్తారో! "అర్జీ ఎందుకమ్మా, ఇలా కూర్చో" అని ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాను. పీచు రాపిడికి వేళ్ళ చివర్లు అరిగి, పగిలి ఉన్నాయి. మా కోనసీమలో మాడు వేడెక్కినా, మడమ పగిలినా మందు ఒకటే. గానుగ ఆడించిన కొబ్బరినూనె వెచ్చజేసి పది వేళ్ళకీ నా చేత్తోనే మర్దనా చేశాను. సీసా కూడా ఇచ్చి, "పొద్దున్నే రాసుకో, సచివాలయానికి వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చి మళ్ళీ రాయించుకో" అన్నాను.

మర్నాడు వచ్చింది, రాశాను, వెళ్ళింది. "పడలేదండి" అంటూ తిరిగొచ్చింది. ఆ మర్నాడూ అంతే. మూడోసారికి ఇంకాస్త ఎక్కువే రాశాను. పట్టుదలకి పోయి గంటసేపు రుద్దాను. ఆవిడ కిక్కురుమనకుండా కూర్చుంది. ఆ రోజూ పడలేదు. నెలాఖరుకి ఇంక రెండు రోజులే ఉంది.

ఆ సాయంత్రం మా ఆయన నోటుపుస్తకం మూసి, చేతికర్ర తీసుకుని లేచారు.

"ఎక్కడికండీ?"

"ఆ తాళ్ళ షెడ్డుకి."

"జర్మనీ ఆయన వెళ్ళమన్నారా?" అన్నాను వెటకారంగా.

"ఆయ్, వెళ్ళమన్నాడు" అన్నారు, చాలా మామూలుగా.

గంట తర్వాత ఒళ్ళంతా పీచు పొట్టుతో వచ్చారు. కొబ్బరి డొక్కల కుప్ప మీద కూర్చుని, ఆవిడ తాడు పేనుతుంటే చూశారట. "ఎడమచేతి చిటికెన వేలుందే, అది తాడుకి తగలదోయ్. పైకెత్తి పెట్టుకుంటుంది. దాని గీతలు నిక్షేపంగా ఉన్నాయి. శనగపిండితో జిడ్డు వదలగొట్టుకుని, రేపు ఆ వేలు పెట్టమన్నాను."

జిడ్డు!

మర్నాడు ముద్ర పడింది. పింఛను నిలిచింది. ఆవిడ రెండు బొండాలు తెచ్చి ప్లీడరుగారి కుర్చీ పక్కన పెట్టి దణ్ణం పెట్టింది. ప్లీడరుగారు షెడ్డుకి స్వయంగా వచ్చేరని వీధంతా చెప్పుకున్నారు. ఎవరైనా వివరం అడిగితే, "ఏముందండీ, మిషను తడి చేరి మొరాయించింది" అనేవారు ఈయన. ఆ బొండాలు తాగింది మా ఆయన, గెలిచింది ఆ దొరగారు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. అంత కుళ్ళిపోయాను.

అప్పుడు చూశాను, వంటింటి గూట్లో నూనె సీసా. ఆవిడకి నేనిచ్చినదే, సగం ఖాళీ అయి ఉంది. షెడ్డులోంచి తెచ్చి, నాతో ఒక్క ముక్క అనకుండా దాని చోట పెట్టేశారు. తాను మిషను మీదికి నెట్టిన తప్పు అసలు ఎవరిదో ఆయనకి మొదటినుంచీ తెలుసన్నమాట. ఆయన తిట్టినా ఇంత మంట ఉండేది కాదు.

ఊరుకోలేక నేనూ షెడ్డుకి వెళ్ళాను. ఆవిడ తాడు పేనుతోంది. ఎడమ చిటికెన వేలు నిజంగానే పైకి లేచి ఉంది.

"మిషను తప్పు కాదమ్మా. నా నూనె వల్లే ముద్ర పడలేదు" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆపలేదు. "తెల్సండమ్మగారూ. రెండోనాడే ఆ సచివాలయం అమ్మాయి చెప్పిందండి, నూని కడుక్కుని రమ్మని."

"మరి కడుక్కోలేదేం? పింఛను పోతే ఏం చేసేదానివే?"

అప్పుడు ఆపింది. "మా ఆయన పోయేక నా సేతులు పట్టుకున్నోళ్ళు లేరండి. మీరు కూకోబెట్టి నూని రాత్తన్నారు. ముద్ర పడిపోతే మళ్ళీ రాయరు గదాండీ."

అన్ని రోజులూ ఆ వేళ్ళు పట్టుకుని కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ నేను తలుచుకున్నది జర్మనీ ఆయన్నే.