సముద్రం ఉద్యోగం, కైవార సంబంధం

ఆ రోజుల్లో మా మిట్టేమరి వైపు సర్కారీ కొలువంటే బడిపంతులు, లేకుంటే ఊరి లెక్కలు రాసే శానుభోగు, మహా అయితే తాలూకానేలే అమల్దారు. అంతకు మించి ఎవరి ఊహా సాగేది కాదు. నేను మాత్రం ఓడరేవులకు ప్రణాళికలు వేసే ఇలాఖాలో చేరాను. ఎండాకాలం వస్తే బావిలో బిందె మునగని ఊళ్ళో పుట్టినవాడికి సముద్రతీరాన్ని అప్పగించడంలో సర్కారు ఉద్దేశమేమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. బెంగళూరు కచేరీలో కూర్చుని, పటంలో నీలిరంగు పూసిన మేరంతా మా పిత్రార్జితమన్నంత గంభీరంగా ఉండేవాణ్ణి. తీరానికి రెండు మూడుసార్లు పోయి వచ్చాను గానీ, ఒడ్డు దాటి అడుగు వేయలేదు.

అప్పుడే కైవార దగ్గర ఒక రైతుల ఇంటినుంచి సంబంధం వచ్చింది. నాయనతో కలిసి వెళ్ళాను. అమ్మాయి నచ్చింది. (నేను ఆమెకు నచ్చానో లేదో అడిగే ధైర్యం మాత్రం లేకపోయింది.) ఆ ఇంట్లో పెత్తనమంతా అమ్మాయి వాళ్ళ అవ్వది.

"ఏం పని చేస్తాండావప్పా?" అని అడిగింది అవ్వ.

"సముద్రం ఒడ్డున రేవులు కట్టిస్తాండామవ్వా."

వక్క నమలడం ఆపింది. "సముద్రంలోకి పోవాల్నా?"

"పనిబడితే పడవలో పోయి చూసి రావల్ల" అన్నాను, రొమ్ము విరుచుకుని.

"అట్లయితే మా పిల్లనియ్యం. ఆ పని ఇడిసిపెట్టి రా, అప్పుడు చూస్తాం."

నాయన బతిమాలాడు, అమ్మాయి తండ్రి తల దించుకున్నాడు. అవ్వ మళ్ళీ వక్క నమలసాగింది. తిరుగుదారి పొడుగునా నాయన బాగేపల్లి కచేరీలో ఏదైనా కొలువు చూసుకొమ్మని నచ్చజెప్తూనే ఉన్నాడు. నాకు ఉద్యోగమూ వదలాలని లేదు, అమ్మాయినీ వదలాలని లేదు. కొన్నాళ్ళకు తెగించి, ఒంటరిగా మళ్ళీ కైవార బస్సెక్కాను. "అవ్వా, ఒక్కతూరి వచ్చి చూడు. చూసినాంక గూడా వద్దంటే ఉద్యోగం ఇడిసేస్తా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "సరే, పోదాం పా" అంది.

అవ్వనూ అమ్మాయి తండ్రినీ వెంటబెట్టుకుని కొండల ఘాటు రోడ్డు దిగి రేవుకు చేరాను. సముద్రంలోకి రాళ్ళు పోసి గోడ కడుతున్నారక్కడ. అవ్వ ఇసుకలో కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. భయపడుతోందనుకుని, భయమేమీ లేదని చూపించడానికి నేను మా ఇలాఖా పడవ ఎక్కాను. అదే నా తొలి ప్రయాణం. ఒడ్డు కాస్త దూరమవగానే ఆకాశం నీళ్ళ కిందికీ, కడుపు గొంతులోకీ వచ్చాయి. పొద్దున తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి సమర్పించి, పడవవాళ్ళ భుజాల మీద వేలాడుతూ వెనక్కి వచ్చాను. తలెత్తి చూస్తే ఎదురుగా అవ్వ! చీర తడిసిపోతున్నా మోకాటి లోతు నీళ్ళలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

ఒడ్డున నా మొహం కడిగి, కొంగుతో తుడిచి, మెల్లగా అంది: "మా తమ్ముడు రంగూనుకు పోతానని ఓడెక్కినాడప్పా. మల్ల రాల్యా. వాణ్ణి తినింది ఇదేనా అని చూస్తాండా."

అమ్మాయి తండ్రి పక్కకు తిరిగాడు.

"ఆ రాళ్ళెందుకు పోస్తాండారు?"

"అలల్ని ఆపేదానికవ్వా. ఆ గోడ లోపలికొస్తే పడవలు మునిగిపోవు."

అవ్వ ఆ గోడను చివరిదాకా చూసింది. అప్పటికింకా సగం కూడా కాలేదు. "అట్లయితే కట్టించప్పా. బిరాన కట్టించు. పిల్లనిస్తాం." లేచి చీర పిండుకుంటూ, "నువ్వు మాత్రం ఆ పడవెక్కొద్దు" అంది.

మాకు పెళ్ళయింది. గోడ పూర్తయ్యేనాటికి అవ్వ లేదు. గాలి జోరుగా ఉన్న ఒక సాయంకాలం నేనూ నా భార్యా దాని మీద నిలబడ్డాం. బయట సముద్రం ఎగిరి ఎగిరి పడుతోంది, లోపల చేపల పడవలు గాటికి కట్టిన ఎద్దుల్లా నెమ్మదిగా ఉన్నాయి. ఒక పడవలోంచి దిగిన మనిషి బుట్ట భుజానికెత్తుకుని, ఇంటివైపు నడిచిపోయాడు. వాడు కనుమరుగయ్యేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

"మనమూ ఒక తూరి ఎక్కుదామా?" అని నవ్వింది నా భార్య.

"అవ్వ వద్దనింది కదా" అన్నాను.

పెద్దల మాట దాటనివాడినని ఈ రోజుకీ బంధువుల్లో నాకు మంచి పేరుంది.