తంగేడు పువ్వుకు పోయిన పొద్దు

డెబ్బైల నాటి మాట. ఉప్పుగూడలో రైలు పట్టాలు దాటి జల్‌పల్లి వైపు నడుస్తూ పోతే, ఇళ్ళు అయిపోయి గుట్ట మొదలయ్యేది. గుట్టంతా సీతాఫలం, మోదుగ చెట్లు, తంగేడు పొదలు, తెల్లటి గునుగు పువ్వు, పెద్ద పెద్ద బండలు. బతుకమ్మ పండుగొస్తే మా అమ్మ నన్నూ చెల్లెనూ వెంటేసుకుని పువ్వుకు అక్కడికే వెళ్ళేది.

ఆ ఏడు ఎండాకాలంలో జ్వరమొచ్చి చెల్లె పోయింది. అమ్మ ఏడవలేదు. మాట్లాడటమే మానేసింది. వండేది, వడ్డించేది, గోడకేసి చూస్తూ కూర్చునేది. ఇట్లాగే ఉంటే కోడలు పిల్ల కూడా మనకు దక్కదని నాయనమ్మ చాటుగా అంటుంటే విని, పోయి అమ్మ కొంగు పట్టుకునేదాన్ని. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా బతుకమ్మ పేర్చకూడదని వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. మాకు కరువైంది సలహాలే పాపం!

అట్లాంటిది, పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు తెల్లవారుతుండగా అమ్మ నన్ను తట్టి లేపింది. పువ్వుకు పోదాం లెమ్మంది. ఎన్నాళ్ళకు విన్నానో ఆ గొంతు! మనకు ఈసారి పండుగ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే అమ్మ మళ్ళీ మూగబోతుందని భయం.

గుట్టంతా పొగమంచు. ముందు నడిచే అమ్మ కొంగు కనిపించేది, అంతలోనే మాయమయ్యేది. దగ్గరికి పోతేగానీ కొమ్మలు కానరావు, పువ్వులు మాత్రం పసుప్పచ్చగా గాల్లో తేలుతున్నట్టుండేవి. కింద ఎక్కడో రైలు కూసింది. అమ్మ పువ్వు తెంపుతూ కూనిరాగం తీసింది. నా గౌను ముళ్ళకు తగులుకుంటే కళ్ళు నెత్తికెక్కాయా అని కసిరింది కూడా. ఆ తిట్టు నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను.

ఒడి నిండాక బండ మీద కూర్చుని పువ్వు సర్దసాగింది. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఈ యేడు మనకు లేదు గదనే" అంది మెల్లగా.

పాపం, ఏటేటా అలవాటు కొద్దీ వచ్చేసింది. నా పై ప్రాణం పైనే పోయింది. ఇంట్లో గోడను చూసినట్టే మంచును చూస్తూ కూర్చుంది. ఒళ్ళో పువ్వును ఒకసారి తడిమి తలెత్తింది.

"ఇంట్ల పేర్చొద్దన్నరు. గుట్ట మీద వద్దని ఎవ్వలన్లే గద."

మోదుగాకులు పరిచి, తంగేడు, గునుగు వరుసలుగా పేర్చింది. జానెడు బతుకమ్మ. దాని చుట్టూ ఇద్దరమే చప్పట్లు చరుస్తూ తిరిగాం. బండ గుంతలో వాన నీళ్ళు నిలిచి ఉంటే అందులో వదిలింది. అట్లా వదిలేటప్పుడు అందరూ గౌరమ్మను పోయి రమ్మంటారు. అమ్మ గౌరమ్మ పేరెత్తలేదు.

"పోయి రా, నా చిన్నబిడ్డా" అంది.

అని, గుట్టంతా వినబడేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అమ్మ నాకు దక్కిందని.